సబ్‌వూఫర్‌కి ఆంప్ కుదర్చడం: ఓమ్‌ల దగ్గర పట్టింపు, వాట్ల దగ్గర సర్దుబాటు

కారులో బేస్ కోసం మొదటిసారి సబ్‌వూఫర్ (లోతైన శబ్దాలు పలికించే పెద్ద స్పీకర్, పొట్టిగా సబ్) కొనేవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఈ సబ్‌కి ఎన్ని వాట్ల ఆంప్ పెట్టాలి?" ఆంప్ అంటే ఆంప్లిఫయర్, స్టీరియో సిగ్నల్‌ని స్పీకర్‌ని ఆడించేంత బలంగా పెంచే పరికరం. ప్రశ్నలో తప్పేం లేదు. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఈ సబ్‌ని ఎన్ని ఓమ్‌లకి (కరెంటుకి సబ్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) కలపొచ్చు, ఆ ఓమ్‌ల దగ్గర ఈ ఆంప్ ఎంత పవర్ ఇస్తుంది? ఇది అడక్కుండా డబ్బాల మీదున్న పెద్ద అంకెలు చూసి రెండూ విడివిడిగా కొనేసి, తీరా వైర్లు తగిలించబోయేటప్పుడు చూసుకుంటే రెండింటికీ పొత్తు కుదరదని అప్పుడు తెలుస్తుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. వాట్లు కాస్త అటూ ఇటూ అయినా కొంపలేమీ మునగవు, చాలాసార్లు చెవికి తేడా కూడా తెలియదు. ఓమ్‌లు మాత్రం లెక్క ప్రకారం ఉండాల్సిందే. మామూలుగా జనం దీన్ని తలకిందులు చేస్తారు, 450 వాట్లా 500 వాట్లా అని వారం రోజులు టెన్షన్ పడి, వైర్లు కలిపేటప్పుడు ఓమ్‌ల సంగతి ఎవరినీ అడగరు.

డబ్బా మీది అంకెలు

"2000 వాట్స్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కనే మ్యాక్స్ అనో పీక్ అనో చిన్నగా రాసి ఉంటుంది. ఆ అంకెని వదిలేయండి. పీక్ అంటే ఒక్క క్షణం తాకే గరిష్ఠ స్థాయి. నిజాయితీగా లెక్క వేసినా అది ఆర్‌ఎంఎస్‌కి రెట్టింపు వస్తుంది, నిజాయితీ లేనిచోట ఇంకెన్ని రెట్లయినా రాసేస్తారు, ఎందుకంటే ఆ అంకెని కొలిచి చూపించమని ఎవరూ అడగరు. మనకి కావాల్సింది ఆర్‌ఎంఎస్. ఆంప్‌కి అది ఆగకుండా ఇవ్వగలిగే పవర్, సబ్‌కి అది ఆగకుండా తట్టుకోగలిగే పవర్. పోల్చేటప్పుడు ఎప్పుడూ ఆర్‌ఎంఎస్‌ని ఆర్‌ఎంఎస్‌తోనే పోల్చాలి.

ఆంప్‌ల ఆర్‌ఎంఎస్ కొలవడానికి అమెరికాలోని ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం పెట్టిన ఒక ప్రమాణం ఉంది, సీటీఏ-2006 అంటారు, పాత పేరు సీఈఏ-2006. 14.4 వోల్టుల సరఫరాతో, 4 ఓమ్‌ల లోడ్ (ఆంప్ నడపాల్సిన భారం) మీద, వక్రీకరణ, రొద రెండూ కలిపి 1 శాతం మించకుండా ఎంత పవర్ వస్తుందో అదే రాయాలి. ఈ ముద్ర ఉన్న ఆంప్ దొరికితే అంకెల మీద అనుమానం చాలావరకు తీరిపోతుంది. ముద్ర లేనంత మాత్రాన ఆంప్ చెడ్డదని కాదు, కాకపోతే ఆ అంకెని మీరే ఒకసారి సరిచూసుకోవాలి.

సరిచూసుకోవడం కష్టం కాదు. ఆంప్ ఒంటికి గుచ్చి ఉన్న ఫ్యూజులు చూడండి, ఒకటికంటే ఎక్కువ ఉంటే వాటి ఆంపియర్లు కూడండి, ఒంటి మీద ఫ్యూజు లేకపోతే మాన్యువల్‌లో ఎంత ఫ్యూజు వేయమన్నారో చూడండి. ఉదాహరణకి 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉందనుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో సుమారు 13.8 వోల్టులు ఉంటాయి, రెండూ గుణిస్తే 414 వాట్లు. అది ఆంప్ లోపలికి వెళ్లేది మాత్రమే, అందులో కొంత వేడిగా పోతుంది. క్లాస్ డి (తక్కువ వేడెక్కే రకం) ఆంప్ అయితే సుమారు 75 నుంచి 80 శాతం సబ్‌కి అందిస్తుంది, అంటే 310 నుంచి 330 వాట్లు. క్లాస్ ఏబీ (ఎక్కువ వేడెక్కే రకం) ఆంప్ అయితే సగం, మహా అయితే 60 శాతం. ఇలాంటి ఆంప్ మీద "1000 వాట్స్ ఆర్‌ఎంఎస్" అని రాసి ఉంటే అది అబద్ధమని ఆ ఫ్యూజే చెబుతోంది. ఈ లెక్క పక్కా కొలత కాదు, అంకె నిజానికి దగ్గర్లో ఉందో లేదో తేల్చడానికి మాత్రం సరిపోతుంది.

ఓమ్‌లు అంటే ఇక్కడ ఏంటి

సబ్‌వూఫర్ లోపల తీగ చుట్టిన కాయిల్ ఒకటి ఉంటుంది, వాయిస్ కాయిల్ అంటారు. ఆంప్ పంపే కరెంటుని అది ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలతే ఇంపిడెన్స్, ఓమ్‌లలో రాస్తారు. ఓమ్‌లు తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ పారుతుంది, అందుకే ఒకే ఆంప్ 4 ఓమ్‌ల మీద 350 వాట్లు, 2 ఓమ్‌ల మీద 600, 1 ఓమ్ మీద 1000 ఇస్తుంది. కంపెనీ ప్రచారంలో కనిపించేది ఆ చివరి అంకె ఒక్కటే. మీ సబ్ 1 ఓమ్‌కి రాకపోతే ఆ 1000 మీకు ఎప్పటికీ రాదు.

మరి ఓమ్‌లు ఇంకా తగ్గిస్తే ఇంకా పవర్ వస్తుంది కదా అనిపిస్తుంది. రాదు. ప్రతి ఆంప్‌కీ ఒక కనీస లోడ్ ఉంటుంది, "2 ఓమ్ స్టేబుల్" అంటే 2 కంటే కిందికి దించకూడదని అర్థం. దించితే లోపలి ట్రాన్సిస్టర్ల మీదుగా అవి మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పారి వేడెక్కుతాయి. మంచి ఆంప్ అయితే ప్రొటెక్ట్ లైటు వెలిగించుకుని ఆగిపోతుంది, అంత జాగ్రత్త లేని ఆంప్ అయితే కాలిపోతుంది. తక్కువ వాల్యూమ్‌లో బాగానే పాడి, పెంచగానే ఆగిపోయే ఆంప్‌ల విషయంలో నేను మొదట అనుమానించేది ఇదే. ఎక్కువ ఓమ్‌లు పెడితే మాత్రం ప్రమాదం ఏమీ లేదు, పవర్ తగ్గుతుంది అంతే.

ఇక్కడ ఒక చిన్న సంగతి. మల్టీమీటర్ పెట్టి 4 ఓమ్‌ల కాయిల్‌ని కొలిస్తే 3.2 నుంచి 3.7 వరకు ఏదో ఒకటి చూపిస్తుంది. సబ్ పాడైందని కంగారు పడకండి. మీటరు చూపించేది ఒకే దిశలో పారే కరెంటుకి (డీసీ) తీగ ఇచ్చే నిరోధం మాత్రమే. ఇంపిడెన్స్ పాటలోని ఫ్రీక్వెన్సీని (శబ్దం ఎంత లోతుదో) బట్టి, సబ్ బిగించిన పెట్టెని బట్టి మారుతూ ఉంటుంది, 4 అనేది దానికి పెట్టిన ఒక నామమాత్రపు విలువ. అయినా కాయిల్ తెగిందా, వైరింగ్ అనుకున్నట్టే కుదిరిందా అని చూసుకోవడానికి ఈ కొలత చాలా పనికొస్తుంది, ఆంప్‌కి తగిలించే ముందు తప్పకుండా ఒకసారి చూసుకోండి.

కాయిల్స్ కలపడం

ఒకే కాయిల్ ఉన్న సబ్‌ని సింగిల్ వాయిస్ కాయిల్ అంటారు, పొట్టిగా ఎస్‌వీసీ. రెండు కాయిల్స్ ఉంటే డ్యూయల్ వాయిస్ కాయిల్, డీవీసీ. రెండు కాయిల్స్ ఉన్నంత మాత్రాన శబ్దం పెరగదు, వైర్లు కలపడంలో వెసులుబాటు పెరుగుతుంది. డ్యూయల్ 4 అంటే ఒక్కో కాయిల్ 4 ఓమ్‌లు, డ్యూయల్ 2 అంటే ఒక్కోటి 2. చాలా మోడళ్లు ఈ రెండు రకాల్లోనూ వస్తాయి, బయటినుంచి చూస్తే అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి కొనేటప్పుడు మోడల్ నంబరు చివరి అక్షరాలు కూడా చదవండి.

కలపడం రెండు రకాలు. రెండు కాయిల్స్ ప్లస్‌లని ఒకచోటికి, మైనస్‌లని ఒకచోటికి చేర్చి ఆంప్‌కి ఇస్తే అది ప్యారలల్, ఓమ్‌లు సగం అవుతాయి. మొదటి కాయిల్ మైనస్‌ని రెండో కాయిల్ ప్లస్‌కి కలిపి, మిగిలిన రెండు కొసల్ని ఆంప్‌కి ఇస్తే అది సిరీస్, ఓమ్‌లు రెట్టింపు. దీని ప్రకారం ఒక డ్యూయల్ 4 సబ్ 2 ఓమ్‌లకి వస్తుంది లేదా 8కి వస్తుంది. డ్యూయల్ 2 అయితే 1 లేదా 4. మధ్యలో ఇంకేమీ లేవు. డ్యూయల్ 4 సబ్‌ని 1 ఓమ్‌కి తేవడం ఎవరి తరమూ కాదు, డ్యూయల్ 2ని 2 ఓమ్‌లకి తేవడమూ అంతే.

ఒక కాయిల్ మాత్రమే తగిలించి రెండోది వదిలేస్తే కావాల్సిన ఓమ్‌లు వస్తాయి కదా అని కొందరికి ఆలోచన వస్తుంది. అలా చేయకండి. మొత్తం పవర్ ఒక్క కాయిల్ మీద పడుతుంది, తట్టుకునే శక్తి సగానికి పడిపోతుంది, పైగా కోన్‌ని (ముందుకీ వెనక్కీ ఊగి శబ్దం చేసే సబ్ ముఖాన్ని) ఆడించి ఆపే బలం తగ్గిపోయి సబ్ స్వభావమే మారిపోతుంది, పెట్టె లెక్క కూడా తప్పుతుంది.

రెండు సబ్‌లైనా ఇదే పద్ధతి, ముందు ఒక్కో సబ్ లోపల లెక్క తేల్చి తర్వాత రెండింటినీ కలపాలి. రెండు డ్యూయల్ 4 సబ్‌లు తీసుకోండి. ఒక్కోదాన్ని ప్యారలల్‌లో 2 ఓమ్‌లకి తెచ్చి, ఆ రెండింటినీ మళ్లీ ప్యారలల్ చేస్తే 1 ఓమ్. ఒక్కోదాన్ని సిరీస్‌లో 8కి తెచ్చి రెండింటినీ ప్యారలల్ చేస్తే 4. రెండు డ్యూయల్ 2 సబ్‌లైతే, ఒక్కోటి సిరీస్‌లో 4, రెండూ ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్‌లు. అన్నిటినీ ప్యారలల్ చేస్తే అర ఓమ్ వస్తుంది, దాన్ని మోసే ఆంప్‌లు అరుదు, మొదటిసారి కొనేవాళ్లు అటు చూడనక్కర్లేదు. రెండు సబ్‌లూ ఒకే మోడల్, ఒకే కాయిల్ రకం అయి ఉండాలి. 4 ఓమ్‌ల సబ్‌ని, 2 ఓమ్‌ల సబ్‌ని పక్కపక్కన ప్యారలల్‌లో పెడితే 2 ఓమ్‌లది రెట్టింపు పవర్ లాగేసుకుంటుంది, ఒకటి కష్టపడుతుంటే ఇంకోటి ఊరికే ఊగుతుంటుంది.

ఆంప్ వైపు నుంచి చూస్తే

సబ్‌కి మామూలుగా వాడేది మోనో ఆంప్, మోనోబ్లాక్ అంటారు, ఇప్పుడు వచ్చేవి దాదాపు అన్నీ క్లాస్ డి. కొన్నిటి మీద రెండు జతల స్పీకర్ టెర్మినళ్లు ఉంటాయి, చూసి రెండు ఛానెళ్లు అనుకోకండి. లోపల రెండూ ఒకటే, రెండు సబ్‌లకి వైర్లు లాగడం సులువు కావాలని అలా ఇస్తారు. కాబట్టి ఒక్కో జతకి 2 ఓమ్‌ల సబ్ తగిలిస్తే ఆంప్‌కి కనిపించేది 1 ఓమ్.

ఇంట్లో పడి ఉన్న రెండు ఛానెళ్ల ఆంప్‌నో నాలుగు ఛానెళ్ల ఆంప్‌నో బ్రిడ్జ్ చేసి (రెండు ఛానెళ్లని ఒకటిగా కలిపి) సబ్‌కి వాడాలనుకుంటే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. బ్రిడ్జ్ చేసినప్పుడు రెండు ఛానెళ్లూ ఒకే సబ్‌ని చెరో వైపు నుంచి నడుపుతాయి కాబట్టి ఒక్కో ఛానెల్‌కి అసలు ఓమ్‌లలో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్‌ల సబ్ పెడితే ఒక్కో ఛానెల్ మోసేది 2 ఓమ్‌ల భారం. అందుకే చాలా ఆంప్‌లు మామూలుగా 2 ఓమ్‌లు మోసినా, బ్రిడ్జ్‌లో 4 కంటే దించొద్దని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఇలాంటి ఆంప్‌కి సింగిల్ 4 సబ్ గానీ, సిరీస్‌లో కట్టిన డ్యూయల్ 2 గానీ చక్కగా సరిపోతాయి. డ్యూయల్ 4 పెడితే ఇరుక్కుంటారు, 2 ఓమ్‌లకి కడితే ఆంప్‌కి ప్రమాదం, 8కి కడితే పవర్ ఉండదు.

ఇప్పుడు రెండింటినీ కలిపి చూద్దాం. పైన చెప్పిన మోనో ఆంప్‌నే తీసుకోండి, 4 ఓమ్‌ల మీద 350, 2 మీద 600, 1 మీద 1000. సబ్ 600 వాట్ల ఆర్‌ఎంఎస్, డ్యూయల్ 4. ప్యారలల్‌లో కడితే 2 ఓమ్‌లు, ఆంప్ ఇచ్చేది 600. ఇంతకంటే మంచి జోడీ ఉండదు. అదే సబ్‌ని డ్యూయల్ 2లో కొంటే? 1 ఓమ్‌కి కడితే ఆంప్ నుంచి 1000 దాకా రావొచ్చు, గెయిన్ (ఆంప్ మీది నాబ్, కింద చెబుతాను) అదుపులో పెట్టుకోవాల్సిన బాధ్యత పూర్తిగా మీది. 4 ఓమ్‌లకి కడితే 350, సబ్ భద్రంగా ఉంటుంది గానీ మీరు కొన్న ఆంప్‌లో మూడో వంతే వాడుతున్నట్టు. ఆంప్ అదే, సబ్ పేరూ అదే, కాయిల్ రకం ఒక్కటి మారినందుకు కథ ఇంత మారిపోయింది. అందుకే ముందు సబ్ ఎంచుకుని, ఆంప్ ఎంచుకుని, ఈ రెండూ ఏ ఓమ్‌ల దగ్గర కలుస్తాయో చూసి, ఆఖర్న కాయిల్ రకం ఖాయం చేసుకోవడం మేలు. కాగితం మీద ఐదు నిమిషాల పని.

కావాల్సిన పవర్ 2 ఓమ్‌ల దగ్గర దొరుకుతుంటే 1 ఓమ్ జోలికి వెళ్లొద్దని నేను చెబుతాను. ఎక్కువ ఓమ్‌ల దగ్గర ఆంప్ తక్కువ వేడెక్కుతుంది, అదే పవర్‌కి బ్యాటరీ నుంచి లాగే కరెంటు కాస్త తగ్గుతుంది, వైరింగులో చిన్న లోపం ఉన్నా ఓర్చుకుంటుంది.

వాట్లు ఎంత దగ్గరగా ఉండాలి

పవర్ రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్. అంటే 500 వాట్ల చోట 1000 పెడితే "ఆఁ, కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అంతే. చెవికి రెట్టింపు శబ్దంలా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్లు పవర్ కావాలి. 400 వాట్లకీ 500 వాట్లకీ మధ్య తేడా 1 డెసిబెల్ కూడా పూర్తిగా లేదు, కదులుతున్న కారులో కూర్చుని ఆ తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి 500 వాట్ల సబ్‌కి 420 వాట్ల ఆంప్ దొరికితే హాయిగా తీసుకోండి, 600 వాట్ల ఆంప్ దొరికినా తీసుకోండి. సబ్ ఆర్‌ఎంఎస్‌లో 75 శాతం నుంచి 150 శాతం దాకా ఎక్కడున్నా పనవుతుందని ఈ రంగంలో ఎక్కువమంది చెప్పే లెక్క, నాకూ అది సబబే అనిపిస్తుంది. నాకైతే కొంచెం పెద్ద ఆంప్ వైపే మొగ్గు, ఎందుకో కింద చెబుతాను.

నిజంగా శబ్దం పెరగాలంటే పవర్ కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. సబ్ సెన్సిటివిటీ (ఒకే పవర్‌కి ఎంత శబ్దం ఇస్తుందో) 3 డెసిబెల్స్ ఎక్కువుంటే అది ఆంప్‌ని రెట్టింపు చేసినంత పని. అదే రకం రెండో సబ్ పక్కన పెడితే, మొత్తం పవర్ పెంచకపోయినా, బేస్‌లో ఇంకో 3 డెసిబెల్స్ వరకు వస్తాయి. పెట్టె సరైనది కట్టిస్తే వచ్చే తేడా ఒక్కోసారి ఈ రెండింటినీ మించిపోతుంది.

తక్కువ పవర్ ఇస్తే సబ్ కాలిపోతుందా

ఈ మాట ప్రతిచోటా వినిపిస్తుంది, "అండర్‌పవర్ చేస్తే సబ్ పోతుంది" అని. తక్కువ పవర్ వల్ల ఏ సబ్‌వూఫరూ పోదు. అలా అయితే వాల్యూమ్ తగ్గించి విన్నప్పుడల్లా పోవాలి కదా. సబ్‌ని చంపేది వేడి, లేదా కోన్ హద్దు దాటి ఊగడం.

మరి ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? చిన్న ఆంప్ ఉన్నవాళ్లు బేస్ చాలక గెయిన్ అంతా తిప్పేస్తారు. ఆంప్ ఇవ్వగలిగిన వోల్టేజికి ఒక హద్దు ఉంటుంది, అది దాటి అడిగితే తరంగం పైకొసా కిందికొసా కోసేసినట్టు చదునుగా అయిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా చదునైపోయిన తరంగంలో, అదే ఎత్తున్న మామూలు తరంగం కంటే రెట్టింపు పవర్ ఉంటుంది. అంటే 100 వాట్ల ఆంప్‌ని పూర్తిగా క్లిప్ చేసినా మహా అయితే 200 వాట్ల దాకా వెళ్తుంది, 500 వాట్ల సబ్‌కి అది లెక్కలోకి రాదు. వినడానికి దరిద్రంగా ఉంటుంది, అది వేరే విషయం. అదే 300 వాట్ల సబ్‌కి 400 వాట్ల ఆంప్ పెట్టి గెయిన్ చివరిదాకా తిప్పితే 700, 800 వాట్లు పాటంతా ఆగకుండా కాయిల్‌లోకి వెళ్తాయి. అప్పుడు కాలుతుంది.

కాలడానికి ముందు జరిగేది తెలిస్తే సబ్‌ని కాపాడుకోవచ్చు. రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.39 శాతం. కాయిల్ 20 డిగ్రీల నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌కి వెళ్తే నిరోధం దాదాపు 70 శాతం పెరిగిపోతుంది, దాంతో ఆంప్ నుంచి వచ్చే పవరూ తగ్గి బేస్ నీరసపడుతుంది. వినేవాళ్లు "ఏంటి, తగ్గింది" అని వాల్యూమ్ ఇంకా పెంచుతారు. అక్కడితో అయిపోతుంది. గంటసేపు గట్టిగా విన్నాక బేస్ తగ్గినట్టు అనిపించినా, డిక్కీలోంచి వార్నిష్ మాడిన వాసన వచ్చినా, పెంచడం కాదు, వెంటనే తగ్గించి సబ్‌ని చల్లారనివ్వండి.

కొంచెం పెద్ద ఆంప్ వైపు నా మొగ్గు ఇందుకే. 500 వాట్ల సబ్‌కి 600 వాట్ల ఆంప్ ఉంటే అది తన హద్దుకి చేరకుండానే సబ్‌కి కావాల్సింది ఇచ్చేస్తుంది, తరంగం శుభ్రంగా ఉంటుంది. గెయిన్ సరిగ్గా పెట్టుకుంటారన్న నమ్మకం మీకు ఉండాలి. కారు నడిపేది పిల్లలో స్నేహితులో అయి, నాబ్‌లు చివరిదాకా తిప్పేస్తారనే భయం ఉంటే ఆంప్‌ని సబ్ కంటే కొంచెం చిన్నదే తీసుకోండి.

గెయిన్ వాల్యూమ్ కాదు

ఈ ఒక్క నాబ్ మొత్తం వ్యవహారాన్ని నిలబెడుతుంది లేదా కూల్చేస్తుంది. స్టీరియో నుంచి ఆర్‌సీఏ వైర్ల మీదుగా వచ్చే సిగ్నల్ ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది, కొన్నిట్లో 2 వోల్టులు, కొన్నిట్లో 4 లేదా 5. ఎంత సిగ్నల్ వస్తే ఆంప్ పూర్తి పవర్‌కి చేరాలో చెప్పేదే గెయిన్. సగం తిప్పితే సగం పవర్ అనుకోవడం పెద్ద పొరపాటు, 4 వోల్టుల స్టీరియో ఉంటే నాబ్ పావు వంతు తిప్పేసరికే ఆంప్ పూర్తి పవర్‌కి చేరిపోవచ్చు.

మల్టీమీటర్‌తో పెట్టే పద్ధతి ఇది. మీకు కావాల్సిన వాట్లని ఆంప్ చూసే ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 500 వాట్లు, 2 ఓమ్‌లైతే 1000కి వర్గమూలం, 31.6 వోల్టులు. 300 వాట్లు, 4 ఓమ్‌లైతే 34.6. సబ్ వైర్లు ఊడదీయండి, స్టీరియోలో ఈక్వలైజర్, లౌడ్‌నెస్ అన్నీ సున్నాకి తెచ్చి, ఆంప్ మీద బేస్ బూస్ట్ ఆపేసి, గెయిన్ పూర్తిగా తగ్గించండి. ఇంజిన్ ఆన్ చేసి, 0 డెసిబెల్స్ స్థాయిలో రికార్డు చేసిన 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, స్టీరియో వాల్యూమ్‌ని ముప్పావు వంతుకి పెట్టండి. ఆ ఫ్రీక్వెన్సీని ఫిల్టర్ కోసేయకుండా చూసుకోండి. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి స్పీకర్ టెర్మినళ్ల మీద ఆనించి, అనుకున్న వోల్టేజి వచ్చేదాకా గెయిన్ మెల్లగా పెంచండి. అక్కడితో ఆపేయాలి. ఆ తర్వాత స్టీరియో వాల్యూమ్ ఆ ముప్పావు దాటకూడదు.

మీటర్‌కి ఒక లోపం ఉంది, వోల్టేజి చూపిస్తుంది గానీ తరంగం క్లిప్ అయిందో లేదో చూపించదు. అది కంటితో చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి, చేతిలో ఇమిడే చిన్నవి కూడా దొరుకుతున్నాయి, ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి. లేకపోతే లెక్క వేసిన వోల్టేజి కంటే కొంచెం కిందే ఆగిపోవడం మంచిది, ఆంప్ అంకె అబద్ధమైతే అనుకున్న వోల్టేజి రాకముందే క్లిప్ అయిపోతుంది కాబట్టి.

బేస్ బూస్ట్ గురించి ఒక్కమాట. 6 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర నాలుగు రెట్లు పవర్ అడుగుతున్నట్టు, 12 డెసిబెల్స్ అంటే దాదాపు పదహారు రెట్లు. గెయిన్ జాగ్రత్తగా పెట్టి తర్వాత బూస్ట్ తిప్పితే చేసిందంతా వృథా. దాన్ని సున్నాలో వదిలేయండి.

పెట్టె చెప్పే మాట

సబ్ ఎంత పవర్ తట్టుకుంటుందనేది పెట్టె మీద కూడా ఆధారపడుతుంది. మూసిన పెట్టెలో లోపలి గాలి స్ప్రింగ్‌లా కోన్‌ని వెనక్కి లాగుతూ ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువ పవర్ పోసినా కోన్ అదుపులో ఉంటుంది. పోర్ట్ (గాలి పోయే రంధ్రం) ఉన్న పెట్టె అదే పవర్‌కి ఎక్కువ శబ్దం ఇస్తుంది, ముఖ్యంగా అది ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కల. కానీ ఆ ట్యూనింగ్ కంటే కిందికి వెళ్తే గాలి పట్టు పూర్తిగా వదిలేస్తుంది, ఆర్‌ఎంఎస్‌లో సగం పవర్‌కే కోన్ హద్దు దాటి కొట్టుకోవచ్చు. అందుకని పోర్ట్ పెట్టె వాడేవాళ్లకి ఆంప్ మీద సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతైన శబ్దాల్ని కోసేది) ఉండి తీరాలి. పెట్టె 35 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసి ఉంటే ఫిల్టర్‌ని 28, 30 దగ్గర పెట్టుకోండి. లో పాస్ ఫిల్టర్ (పై శబ్దాల్ని కోసేది) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవికి తగ్గట్టు సర్దుకోవచ్చు. పెట్టె ఎన్ని లీటర్లుండాలో కంపెనీ మాన్యువల్‌లో ఇస్తుంది, దాన్ని పాటించండి, డిక్కీలో చోటు చాలదని సగానికి కుదించొద్దు.

వైర్లు, బ్యాటరీ

ఇది కూడా జోడీ కుదర్చడంలో భాగమే, ఎందుకంటే అందాల్సిన కరెంటు అందకపోతే ఆంప్ మీద రాసిన వాట్లు రావు. మామూలు ఆంప్‌లు చాలావరకు వోల్టేజి తగ్గితే పవర్ తగ్గించేస్తాయి. 14.4 వోల్టుల దగ్గర కొలిచిన 500 వాట్లు, 12.6 వోల్టులకి పడిపోతే సుమారు 380కి వచ్చేస్తాయి. సన్న వైరు, తుప్పు పట్టిన ఎర్త్ (కారు బాడీకి బిగించే వైరు) ఈ పని నిశ్శబ్దంగా చేసేస్తాయి.

500 వాట్ల క్లాస్ డి ఆంప్ పూర్తిగా పనిచేస్తే సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. దానికి 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) అసలు రాగి వైరు బొటాబొటిగా సరిపోతుంది, 4 గేజ్ వేస్తే నిశ్చింత. 1000 వాట్లయితే సుమారు 90 ఆంపియర్లు, 4 గేజ్ దాని హద్దులో ఉంటుంది, దూరం ఎక్కువైతే ఇంకా లావైనది కావాలి. వైరు కొనేటప్పుడు అది పూర్తి రాగా, అల్యూమినియం మీద రాగి పూతా అని అడగండి. పూత వైరు రాగి అంత కరెంటు మోయదు, అదే కొనాల్సి వస్తే ఒకటి రెండు సైజులు లావుది తీసుకోవాలి.

బ్యాటరీ దగ్గర, 45 సెంటీమీటర్లు దాటకుండా, ఒక ఫ్యూజు ఉండి తీరాలి. అది ఆంప్ కోసం కాదు, వైరు కోసం. ఆ వైరు దారిలో ఎక్కడైనా బాడీకి ఒరుసుకుని షార్ట్ అయితే కారు అంటుకోకుండా ఆపేది అదొక్కటే. ఎర్త్ వైరు కూడా పవర్ వైరు అంత లావుండాలి, వీలైనంత పొట్టిగా, పెయింటు గీకిన శుభ్రమైన ఇనుముకి బిగించాలి.

బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే కెపాసిటర్ పెట్టించమని సలహా ఇస్తారు. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి పడేలోపు ఇచ్చేది 26 జౌళ్లు. 600 వాట్లు లాగుతున్న ఆంప్‌కి అది సెకనులో ఇరవయ్యో వంతు కూడా రాదు. ఆ డబ్బుతో బ్యాటరీ, ఆల్టర్నేటర్‌ల (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) ఎర్త్ వైర్లు లావువి వేయించి, బ్యాటరీ పాతదైతే మార్పించండి. ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో కూడా చూసుకోండి, అది ఇచ్చేదాంట్లో ఏసీ, లైట్లు, ఇంజిన్ వాడుకోగా మిగిలిందే మీ ఆంప్‌కి దక్కేది.

అన్నీ బిగించాక బేస్ అనుకున్నంత లేదనిపిస్తే వెంటనే గెయిన్ మీదికి చెయ్యి పోనివ్వకండి. సబ్‌కి వెళ్లే రెండు వైర్లనీ అటుదిటు మార్చి, లేదా ఆంప్ మీద ఫేజ్ స్విచ్ ఉంటే దాన్ని 0 నుంచి 180కి మార్చి, డ్రైవర్ సీట్లో కూర్చుని అదే పాట అదే వాల్యూమ్‌లో మళ్లీ వినండి. ముందు స్పీకర్లు బయటికి తోస్తున్నప్పుడు సబ్ లోపలికి లాగుతుంటే 80 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. ఏ వైపు పెట్టినప్పుడు బేస్ నిండుగా వినిపిస్తే ఆ వైపే ఉంచేయండి.